రాతి మీద పేరు: ఒక్క రోజులో మూడు జిల్లాల రాతి గుళ్ళు

ఈజిప్టు అనగానే అందరికీ పిరమిడ్లు గుర్తొస్తాయి. సోషల్ పాఠం చెప్పిన ఇన్నేళ్ళలో నేను మాత్రం ఎక్కువసేపు ఆగింది ఆ దేశపు దక్షిణ కొసన ఉన్న అబూ సింబెల్ దగ్గర. క్రీ.పూ. 13వ శతాబ్దంలో రెండో రామ్సెస్ అనే రాజు నైలు నది ఒడ్డున ఒక ఇసుకరాతి గుట్టను లోపలికి తొలిపించి గుడి చేయించాడు. బయట నాలుగు కూర్చున్న విగ్రహాలు, ఒక్కొక్కటి సుమారు 20 మీటర్ల ఎత్తు, నాలుగూ ఆయనవే. లోపల గర్భగుడి దాకా సుమారు 60 మీటర్లు. పక్కనే రాణి నెఫెర్తారి పేర మరో చిన్న గుడి. ఏడాదిలో రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ అక్టోబరులోనూ 22వ తేదీ ప్రాంతంలో, ఉదయపు ఎండ ఆ పొడవంతా దాటి గర్భగుడిలోని విగ్రహాల మీద పడుతుంది.

ఆస్వాన్ పట్టణం నుంచి తెల్లవారకముందే బయల్దేరి, ఎడారిలో సుమారు 300 కిలోమీటర్లు పోయి, గుడి చూసి సాయంత్రానికి తిరిగి రావడం అక్కడి యాత్రికుల అలవాటు. విదేశంలో స్థిరపడ్డ మా బ్యాచ్ మిత్రుడు ఒకరు అలాగే వెళ్ళి వచ్చాడు. స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో ఫోన్లో ఫొటోలు చూపించి, "అరే, మన దిక్కు ఇట్ల గుట్టను తొలిచిన గుళ్ళు ఏమన్న ఉన్నయారా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు మాటల్లో జవాబు చెప్పడం కంటే చూపించడం మేలనిపించింది. జనవరిలో ఒక ఆదివారం పూర్వ విద్యార్థులం ఎనిమిది మందిమి, ఇప్పుడు మన బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లలు ఆరుగురు, ఒక టెంపో ట్రావెలర్‌లో జనగామ నుంచి పొద్దున అయిదున్నరకు బయల్దేరాం. పాలకుర్తి, తొర్రూరు, మహబూబాబాద్, కురవి, నర్సంపేట, గణపురం, భూపాలపల్లి, రేగొండ, చిట్యాల, అక్కడి నుంచి పరకాల, హన్మకొండ మీదుగా ఇంటికి. మనం చదువుకున్న రోజుల్లో ఇదంతా ఒకే వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు 11 నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి.

మిత్రుడి ప్రశ్నకు సూటి జవాబు ముందే చెప్పాను. గుట్టను లోపలికి తొలిచి గదులు తీసిన గుడి చూడాలంటే ఉండవల్లికో, క్రీస్తు పూర్వమే బౌద్ధులు గుహలు తొలిచిన గుంటుపల్లికో పోవాలి. మన దగ్గర గుడుల నిర్మాణం జోరందుకున్నది కాకతీయుల కాలంలో, అంటే 12, 13 శతాబ్దాల్లో. అప్పటికి దేశంలో గుహలు తొలిచే పద్ధతి వెనకబడింది. రాయిని కొట్టి, తెచ్చి, పేర్చి కట్టడమే నడుస్తున్న పద్ధతి. మన గ్రానైటు గట్టిది కాబట్టి తొలవలేదు అనుకుంటే పొరపాటు. మహాబలిపురంలో పల్లవులు తొలిచింది గ్రానైటునే. అయితే గుట్టను గుడిగా చూడటం మనవాళ్ళూ మానలేదు. అది ఎన్ని రకాలుగా సాగిందో ఆ ఒక్క రోజులో కళ్ళారా చూశాం.

ఉలి పెట్టని గుడి

పాలకుర్తిలో సోమేశ్వర లక్ష్మీనరసింహ స్వామి గుడి గుట్ట మీద ఉంది. ఇక్కడ మనిషి గుహను తొలవలేదు, ఉన్న గుహనే గుడి చేసుకున్నాడు. శివుడూ నరసింహుడూ ఒకే గుట్టను పంచుకున్నారు. వెనక రెండు బండల నడుమ ఇరుకైన దారిలో ప్రదక్షిణ చేయాలి. ఒక ముసలి భక్తురాలు గుట్ట చుట్టూ తిరగలేక మొక్కుకుంటే గుట్టే చీలి దారి ఇచ్చిందని స్థలపురాణం. బండలు ఎండకు వేడెక్కి, రాత్రి చల్లారి, వేల ఏళ్ళకు పగుళ్ళు వారడం భూగోళ పాఠంలో చెప్తాం. పిల్లలకు రెండూ చెప్పాను. పగులు ఎట్లా వచ్చిందో సైన్సు చెప్తుంది, దాన్ని ఒక ముసలమ్మకు దారిగా ఊరు ఎందుకు తలచుకుందో కథ చెప్తుంది.

ఈ ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న పాల్కురికి సోమనాథుడు బసవపురాణం, పండితారాధ్య చరిత్ర రాసిన కవి. మార్గ పద్ధతి నడుస్తున్న కాలంలో ద్విపదను, జానుతెనుగును నెత్తికెత్తుకున్నవాడు. దగ్గర్లోనే పోతన గారి బమ్మెర. గుట్ట దిగి టిఫిన్ చేసి తొర్రూరు దారి పట్టాం.

గుడి కంటే ముందు మాట

మహబూబాబాద్ దాటాక కురవి. వీరభద్రస్వామి గుడి, శివరాత్రి జాతర అందరికీ తెలుసు. చరిత్ర విద్యార్థికి మాత్రం కురవి అంటే ముందు గుర్తొచ్చేది కొరవి శాసనం. పదో శతాబ్దం నాటిది. ఈ ప్రాంతాన్ని ఏలిన ముదిగొండ చాళుక్యుల వంశంలోని నిరవద్యుడు వేయించినది. తెలుగు వచనంలో ఉన్న తొలి శాసనాల్లో దీన్ని పండితులు ముఖ్యంగా లెక్కిస్తారు. నన్నయ గారు భారతం మొదలుపెట్టింది పదకొండో శతాబ్దంలో. అంటే ఆదికవికి సుమారు వందేళ్ళ ముందే మన మానుకోట దగ్గర తెలుగు వచనం రాతికెక్కింది.

బయ్యారం వైపు పోవడానికి ఆ రోజు టైం లేదు, కానీ బండిలో ఆ కథ చెప్పుకున్నాం. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ బయ్యారం చెరువు తవ్వించి, కట్ట దగ్గర శాసనం వేయించింది. చెరువు పుణ్యంతో పాటు ఆమె తన పుట్టింటి వంశక్రమాన్నీ రాతిలో పెట్టింది. కాకతీయుల తొలి తరాల పేర్లు ఈనాడు మన పాఠాల్లోకి వచ్చాయంటే అందులో ఆ ఆడపడుచు శాసనానికి పెద్ద వాటా ఉంది.

పక్కన కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద, పంప కవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలోనే జైన బొమ్మలు చెక్కించి, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. తెలుగు కందపద్యం రాతి మీద దొరికిన తొలి చోటు అది. తెలుగుకు 2008లో ప్రాచీన హోదా వచ్చినప్పుడు చూపిన ఆధారాల్లో ఆ గుట్ట పేరు వినిపించింది. గ్రానైట్ క్వారీలు గుట్టలను కోసుకుపోతున్న ఈ రోజుల్లో, ఒక గుట్ట పోతే ఏం పోతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

పేర్చిన రాయి

నర్సంపేట, మల్లంపల్లి మీదుగా గణపురం చేరేసరికి మధ్యాహ్నమైంది. కోటగుళ్ళు గణపతిదేవుని కాలం నాటివి. ప్రాకారం లోపల గణపేశ్వరాలయం, చుట్టూ చిన్న గుళ్ళు, మొత్తం 22. ఏనుగు మీద సింహం ఉన్న గజకేసరి శిల్పాల దగ్గర పిల్లలు చాలాసేపు నిలబడ్డారు. కొన్ని గుళ్ళు కుంగి, స్తంభాలు ఒరిగి ఉన్నాయి.

ఒరిగిన రాయి కూడా పాఠం చెప్తుంది. నిలబడ్డ గుడిలో కనిపించని అతుకులు ఇక్కడ కనిపిస్తాయి. దూలం స్తంభం మీద ఎట్లా కూర్చుందో, సున్నం లేకుండా రాయి రాయిని ఎట్లా పట్టుకుందో చూడొచ్చు. రాయి చీల్చాలంటే బండ మీద వరుసగా గుంతలు తీసి, వాటిలో శీలలు దిగ్గొట్టి, సమ్మెటతో ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోవాలి. మన ఊళ్ళలో రాళ్ళు కొట్టేవాళ్ళు నిన్నమొన్నటి దాకా ఆ పనే చేశారు.

ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న రామప్ప ఇక్కడికి దగ్గరే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి 2021 జులై 25న యునెస్కో గుర్తింపు వచ్చింది. రాజు పేరుతోనో దేవుడి పేరుతోనో కాక, శిల్పి అని జనం చెప్పుకునే రామప్ప పేరుతో ఆ గుడి నిలిచింది. మేం చాలాసార్లు చూసిందే కాబట్టి ఆగలేదు. అన్నం తిని భూపాలపల్లి మీదుగా రేగొండ వైపు సాగాం.

పాండవుల గుట్టల్లో ఒక ప్రశ్న

రేగొండ మండలం రావులపల్లి దగ్గర పాండవుల గుట్టలు జనగామ గుట్టల్లాంటివి కావు. మనవి గుండ్రటి గ్రానైటు గుండ్లు. ఇవి పొరలు పొరలుగా లేచిన ఇసుకరాతి గోడలు, అబూ సింబెల్ రాయి లాంటి జాతి. బండలు గొడుగులా ముందుకు వంగి ఉంటే వాటి కింద వాన పడని చోట్లలో బొమ్మలున్నాయి. పురావస్తు శాఖ వీటిని 1990లో గుర్తించింది. అడవిదున్న, జింక, పులి, చిరుత, విల్లంబులు, ఈటెలు పట్టిన మనుషులు, స్వస్తికలు, వలయాలు, చతురస్రాలు. ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. మధ్య రాతియుగం నుంచి చారిత్రక కాలం దాకా వేర్వేరు తరాలు వేసినవి. అంటే పాలకుర్తి కవి కంటే, కొరవి శాసనం కంటే, అబూ సింబెల్ రామ్సెస్ కంటే ముందు వేసినవి కూడా వీటిలో ఉన్నాయి. ఆ ఎరుపు మనకు కొత్త కాదు. పండుగకు గోడలకూ గడపలకూ అమ్మమ్మలు పూసిన జాజు లాంటి ఎర్రమన్నే. రాతి పొరల్లోకి ఇంకి నిలిచింది.

బొమ్మలను ఆనుకొని, కొన్నిచోట్ల వాటి మీదనే, ఆయిల్ పెయింటుతో రాసిన పేర్లున్నాయి. గుండె బొమ్మలు, తారీఖులు, ఫోన్ నంబర్లు. మాతో వచ్చిన విదేశీ మిత్రుడికి కోపం ఆగలేదు. అప్పుడు నేను పిల్లలకు అబూ సింబెల్ సంగతి ఒకటి చెప్పాను. రామ్సెస్ విగ్రహాల్లో ఒకదాని కాలి మీద గ్రీకు భాషలో రాత ఉంది. క్రీ.పూ. 6వ శతాబ్దం మొదట్లో రెండో సమేటికస్ అనే ఈజిప్టు రాజు దక్షిణానికి దండెత్తినప్పుడు, ఆయన దగ్గర జీతానికి పనిచేసిన గ్రీకు సిపాయిలు నైలు మీద పోతూ అక్కడ ఆగి, తాము ఎవరి వెంట వచ్చారో, ఎంత దూరం పోయారో, రాసిందెవరో చెక్కి పోయారు. ఇప్పుడది పాత గ్రీకు లిపిని అధ్యయనం చేసేవారికి విలువైన ఆధారం.

వెంటనే ఒక పిల్లవాడు అడిగాడు: "మరి సార్, గ్రీకోళ్ళ పేర్లు చరిత్ర అయినయి కదా. ఈ పేర్లు కూడ వెయ్యేండ్లకు చరిత్ర అయితయి గద?"

ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్ను ఇంతగా నిలబెట్టిన ప్రశ్నలు తక్కువ. పెద్దలం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "అట్ల అడుగొద్దు" అని తప్పించుకుంటే ఆ పిల్లవాడు మళ్ళీ ప్రశ్న అడగడు. అక్కడే బండ మీద కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ మాటల సారమే ఈ వ్యాసం.

మొదటిది, గ్రీకు సిపాయి చేసింది కూడా మంచి పని కాదు. మనకు ఆ రాత పనికొచ్చింది ఆ కాలపు మామూలు సిపాయిల గురించి చెప్పేవి చాలా తక్కువ మిగిలాయి కాబట్టి. ఈ కాలపు మనిషి పేరు ఓటరు జాబితాలో, బడి రిజిస్టరులో, ఫోనులో, వంద చోట్ల ఉంది. గుట్ట మీద రాయకపోతే పోయేది కాదు. ఆ దున్నపోతు బొమ్మకు మాత్రం ఉన్నది ఆ ఒక్క గోడే.

రెండోది, రాతి మీద పేరు ఏం చెప్తుందన్నది. మైలాంబ పేరు వెంట ఒక చెరువుంది, ఒక వంశముంది. నిరవద్యుని పేరు వెంట ఒక భాష ఉంది. రామ్సెస్ పేరు సంగతి ఇంకా విచిత్రం. ఎవరికీ చదవరాని ఈజిప్టు చిత్రలిపిని ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ ఛేదించింది 1822లో. అప్పుడు ఆయన పట్టుకున్న కొసల్లో ఒకటి అబూ సింబెల్ నుంచి వచ్చిన నకళ్ళలోని రామ్సెస్ పేరు. ఒక పేరు చదవగలగడంతో వందల ఏళ్ళ మూగతనం పోయింది. గోడ మీద పెయింటుతో రాసిన పేరు తాను వచ్చానని తప్ప ఇంకేమీ చెప్పదు.

మూడోది పిల్లలకు బాగా పట్టింది. రాత మీద రాత పడితే రెండూ పోతాయి. ఆయిల్ పెయింటును తీసేయాలని మందు పెట్టి రుద్దితే కింద ఉన్న జాజు రంగు కూడా దాంతో లేచిపోతుంది. అందుకే తెలిసినవాళ్ళు తొందరపడి కడగరు. అంటే అయిదు నిమిషాల్లో రాసిన పేరును తీయడానికి అయిదేళ్ళు చాలకపోవచ్చు. ఆ పిల్లవాడు కాసేపు ఆలోచించి, "అయితే సార్, ఆ గ్రీకోడు కాలి మీద రాసిండు కాబట్టి బతికిపోయిండు, మొఖం మీద రాస్తే మనం తిట్టుకునేటోళ్ళం" అన్నాడు. నేను చెప్పిన మూడింటి కంటే అతని ఒక్క మాటే బాగుంది.

కదలని రాయి

చివరి మజిలీ చిట్యాల మండలం నైన్‌పాక. పొద్దు వాలుతుండగా చేరాం. మిత్రుడి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. నేలలోంచి లేచిన బండ ఒకటి. దాన్ని ఎక్కడికీ తరలించకుండా, ఉన్నచోటనే నాలుగు వైపులా వైష్ణవ మూర్తులను చెక్కారు. దాని చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్ళతో గుడి లేపారు. ఇలాంటి కట్టడాన్ని సర్వతోభద్రం అంటారు. ఏ వాకిట్లో నిలబడ్డా దేవుడు మనకు ఎదురుగానే ఉంటాడు. మామూలుగా గుడి కట్టి విగ్రహం తెచ్చి ప్రతిష్ఠిస్తాం. ఇక్కడ విగ్రహం దగ్గరికి గుడి వచ్చింది. అబూ సింబెల్‌లో గుట్ట లోపలికి గుడి పోయింది, నైన్‌పాకలో బండ చుట్టూ గుడి లేచింది. రెండింటిలోనూ రాయి పుట్టినచోటు వదల్లేదు.

ఆ మాట అనగానే మిత్రుడు గుర్తుచేశాడు, అబూ సింబెల్ ఇప్పుడు పుట్టినచోట లేదని. నిజమే. నైలు మీద ఆస్వాన్ పెద్ద ఆనకట్ట కడితే ఆ గుళ్ళు మునిగిపోయేవి. 1960లో యునెస్కో ప్రపంచానికి పిలుపునిచ్చింది. 1964 నుంచి 1968 దాకా రెండు గుళ్ళనూ వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, 65 మీటర్ల పైకి, సుమారు 200 మీటర్ల వెనక్కి తెచ్చి మళ్ళీ కూర్చారు. సుమారు 50 దేశాలు సాయం చేశాయి. ఆ మునకప్రాంతంలో తవ్వకాలకు మన దేశం నుంచి బి.బి. లాల్ గారి బృందం కూడా వెళ్ళింది.

మనకూ ఆ బాధ తెలుసు. దాదాపు అదే కాలంలో నాగార్జునసాగర్ కింద మునిగే నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి చేర్చారు. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగే కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురం తెచ్చి కట్టారు. పేర్చిన గుడిని విప్పొచ్చు. తొలిచిన గుట్టను కోయొచ్చు, యాభై దేశాలు డబ్బిస్తే. గోడకు ఇంకిన బొమ్మను మాత్రం ఎంత డబ్బు పెట్టినా మరోచోట మళ్ళీ వేయలేం.

మనం చేయగలిగింది

మన గుట్టలకు యాభై దేశాలు అక్కరలేదు. ఒక బడి చాలు. స్వర్ణోత్సవ సందర్భంగా సంఘం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, ప్రతి జనవరిలో తొమ్మిదో తరగతి పిల్లలను ఇదే దారిలో ఒక రోజు తీసుకెళ్దాం. బండి ఖర్చు ఒక్కో బ్యాచ్ ఒక్కో ఏడాది పెట్టుకోవచ్చు. రెండు, వెళ్ళిన ప్రతిసారీ ఆ బొమ్మలను అవే చోట్ల నుంచి ఫొటోలు తీసి, తారీఖు వేసి బడి గ్రంథాలయంలో భద్రపరుద్దాం. కొత్తగా ఒక గీత పడినా, ఒక రంగు వెలిసినా పోల్చి చూసి పురావస్తు శాఖకు ఉత్తరం రాయడానికి అదే ఆధారం. మూడు, ఎవరి ఊళ్ళో శాసనం రాయి, విరిగిన విగ్రహం, గుట్ట మీద బొమ్మ ఉన్నా దాని వివరం రాసి పంపండి. దాన్ని కడగకండి, రంగు వేయకండి, కదిలించకండి.

గుట్ట కింద ప్రశ్న వేసిన ఆ పిల్లవాడు వచ్చే ఏడాది పదో తరగతి. జూనియర్లకు పాండవుల గుట్టల దగ్గర పాఠం తానే చెప్తానన్నాడు, నేను ఒప్పుకున్నాను. వచ్చే జనవరి యాత్రకు రాదలచినవారు డిసెంబరు నెలాఖరులోగా సంఘం కార్యదర్శికి పేరిస్తే చాలు. పేర్లు రాసుకోవడానికి ఆయన దగ్గర పెద్ద నోటుబుక్కే ఉంది.